ఇంటర్ తప్పిన తమ్ముడు బండల ఫ్యాక్టరీలో చేరాడు. వాడితో ఎట్లా మాట్లాడాలి?

పెన్న ఒడ్డు (తాడిపత్రి)

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇక్కడ మీరంతా రాసేవి చదువుతున్నాను. నేను రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడవు అయితే ఏమనుకోవద్దు.

నాకు 28. బెంగళూరులో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. తమ్ముడికి సంక్రాంతికి 18 నిండాయి. ఇంటర్ ఎంపీసీ. రిజల్ట్స్ వచ్చిన రోజు అమ్మ ఫోన్ చేసింది, మ్యాథ్స్, ఫిజిక్స్ పోయాయని. నేను అప్పుడు డ్యూటీలో ఉన్నాను. వాడికి ఫోన్ ఇమ్మని చెప్పి నోటికొచ్చినట్టు తిట్టాను. నెలనెలా పైసా పైసా కూడబెట్టి పంపిస్తుంటే చదవడానికి నీకేం రోగం అన్నాను. వాడు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. వారం తిరక్కుండా అమ్మ మళ్లీ ఫోన్ చేసి, వాడు పాలిష్ ఫ్యాక్టరీకి నైట్ షిఫ్ట్ పోతున్నాడని చెప్పింది.

పోయిన ఆదివారం ఊరికి వెళ్లాను. నేను ఇంట్లోకి అడుగు పెట్టేసరికి పొద్దున పదకొండు. వాడు నిద్రపోతున్నాడు. ఒక చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది. వేళ్ల కొనలు రాత్రంతా నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. బొటనవేలి కింద బండ అంచు కోసిన గాటు. దానికి పసుపు అద్ది పాత చీర పేలిక చుట్టుకున్నాడు. స్నానం చేసి పడుకున్నాడంట, అయినా చెవి వెనక బూడిద రంగు బురద ఎండి అట్ట కట్టి ఉంది. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

మా నాయన లారీలకు బండలు ఎత్తే హమాలీ. రెండేళ్ల కింద నడుము పోయింది, అప్పటి నుంచి ఇంటి దగ్గరే. నేను పది అయిపోగానే అదే పనికి పోయాను. నాలుగేళ్లు చేసి బెంగళూరు బస్సెక్కాను. వీడు మాత్రం ఆ గేటు లోపలికి పోకూడదనే అనుకున్నాను. ఇప్పుడు సప్లిమెంటరీ ఫీజు కడదామా అంటే "చూద్దాంలే అన్నా" అంటాడు. అంతకు మించి ఒక్క మాట రాదు.

తిట్టినందుకు అలిగాడా, నిజంగానే చదువు మీద మనసు లేదా, నాకు అర్థం కావడం లేదు. మీలో ఎవరైనా ఈ వయసు పిల్లలతో మాట్లాడి ఉంటే చెప్పండి.

గుంతకల్లు జంక్షన్

తమ్ముడూ, ముందు ఫీజు గడువు ఎప్పటిదాకా ఉందో చూడు. అది దాటితే ఈ మాటలన్నీ దండగ. వాడు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా కట్టేసెయ్. రాసేదీ లేనిదీ తర్వాత చూసుకోవచ్చు.

నేను రైల్వేలో టెక్నీషియన్‌ని. ఇంటర్ తప్పినంత మాత్రాన దారులన్నీ మూసుకుపోవు. ఐటీఐకి పది పాసైతే చాలు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ అయితే రెండేళ్లు, వెల్డర్ ఏడాది. ఆ తర్వాత అప్రెంటిస్. రైల్వే లెవెల్-1 (ఒకప్పటి గ్రూప్-డి) ఖాళీల్లో 20 శాతం రైల్వేలోనే అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు ఉంది. ఆ మాట మన పిల్లల్లో చాలామందికి తెలియదు. నేను కూడా ఐటీఐ ఫిట్టరే. మా నాయన మిల్లు మూతపడిన రోజు నాకు పదహారేళ్లు. ఆ ఏడు మా వీధిలో పొద్దున సైరన్ మోగలేదు. ఎవరికీ పనికి పోయే టైం తెలియక మగవాళ్లంతా అరుగుల మీద కూర్చుని ఉండేవాళ్లు. అది ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

నాపరాయి

నేను బండల పనిలో ఇరవై ఏళ్ల పైనుంచి ఉన్నాను. ఇప్పుడు మేస్త్రీని. నువ్వు రాసింది చదివి కొంచెం బాధ పడ్డాను తమ్ముడూ, తప్పుగా అనుకోవద్దు. ఆ గేటు లోపలికి పోకూడదు అన్నావే, ఆ గేటు లోపలే నేను ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాను. దేశమంతా వంటింటి గట్టుకు "కడప రాయి" అని వేసుకునే నల్ల బండ మన చేతుల మీంచి పోయిందే. పని తప్పు కాదు. నువ్వు వాణ్ణి చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటే, వాడికి బండ కన్నా నీ కన్నీళ్లే బరువు.

కానీ 18 ఏళ్ల పిల్లవాణ్ణి నైట్‌కు పెట్టడం నాకు నచ్చలేదు. నైట్‌లోనే చేతులు పోతాయి. మూడు గంటలప్పుడు కన్ను మూతపడుతుంది, మిషన్‌కు నిద్ర రాదు. నువ్వు వాణ్ణి చదువు గురించి అడిగే ముందు ఇవి అడుగు. కాళ్లకు గమ్ బూట్లు ఉన్నాయా? చేతికి ఏం వేసుకుంటున్నాడు, గ్లౌజులా, లారీ ట్యూబ్ ముక్కలా? మోటార్ స్విచ్ ఎవరు వేస్తున్నారు? పాలిష్ దగ్గర నేలంతా నీళ్లే, తడి కాళ్లతో స్విచ్ బోర్డు ముట్టుకుంటారు. ఎర్తింగ్ సరిగా లేని చోట కరెంటు కొట్టి పోయినవాళ్లను నేను చూశాను. పెద్ద బండను ఎట్లా ఎత్తాలో ఎవరైనా నేర్పించారా? అంచు మీద నిలబెట్టి ఇద్దరు మోయాలి, ఒకరు "ఊ" అంటేనే ఇంకొకరు లేపాలి. అడ్డంగా పడుకోబెట్టి లేపితే నడిమికి విరిగి పాదాల మీద పడుతుంది. మీ నాయనకు ఇవన్నీ తెలుసు. వాడికి చెప్పమను ఆయన్ని. ఇంట్లో కూర్చున్న మనిషికి అది చెప్పే పనైనా ఉంటుంది.

కిటికీ పక్క బెంచి

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, అనంతపురం జిల్లాలోనే. మీ తమ్ముడి లాంటి పిల్లలు నా క్లాసులో ప్రతి ఏడాదీ ఉంటారు.

ఒకటి చెప్తాను. సప్లిమెంటరీలో పాసైతే ఏడాది పోదు. డిగ్రీ అడ్మిషన్లకు అందుకుంటాడు. రెండే సబ్జెక్టులు కాబట్టి ఇది అసాధ్యం కాదు. ఈ మాట ఇంట్లో ఎవరూ చెప్పరు. తప్పాడు అంటే అంతటితో అయిపోయిందనే అనుకుంటారు.

రెండోది, నాకు ముఖ్యమైంది. చివరి బెంచీలో నిద్రపోయే మగపిల్లలను నేను మొదట్లో లేపి నిలబెట్టేదాన్ని. ఒకసారి ఒక పిల్లవాడు నిలబడే నిద్రపోయాడు. ఆ రోజు సాయంత్రం వాణ్ణి పక్కకు పిలిచి టీ ఇప్పించి అడిగితే, రాత్రి రెండు లారీలు లోడ్ చేసి వచ్చానని చెప్పాడు. తొమ్మిది నెలలుగా నా క్లాసులో ఉన్నాడు, నాకు తెలియదు. ఆడపిల్లలు కష్టం వస్తే ఎవరో ఒకరికి చెప్పుకుని ఏడుస్తారు. మగపిల్లలు మనం అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు ఇస్తారు. మనం అడిగేది ఎప్పుడూ ఒకటే, ఎందుకు చదవలేదు అని.

మీరు అడగాల్సిన ప్రశ్న అది కాదేమో. వాడు పనికి ఎందుకు పోయాడో అడిగారా?

పెన్న ఒడ్డు

నాపరాయి అన్నా, నేను పనిని చిన్న చూపు చూడలేదు. నేను చేసిన పనే అది. అయినా మీరు చెప్పింది నాకు తగిలింది. నాయనతో మాట్లాడతాను.

మేడం, అడగలేదు. చదువు ఎగ్గొట్టడానికే పనికి పోయాడని అనుకున్నాను. ఈ శనివారం మళ్లీ ఊరికి పోతున్నాను.

సుగ్గి బండి (కోసిగి)

మీ ఊళ్లో ఫ్యాక్టరీ అయినా ఉంది అన్నా. మా ఆదోని వైపు సంగతి వేరు. వాన లేకపోతే సుగ్గికి, అదే వలస కూలికి, పోవాల్సిందే. సంక్రాంతి అయిపోయిందంటే ఇంటికి తాళం వేసి, మూటా ముల్లె, కోళ్లతో సహా లారీ ఎక్కి గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి పోతాం. ఆదోనిని ఒకప్పుడు రెండో బొంబాయి అనేవాళ్లంట. పత్తి మార్కెట్ ఇప్పటికీ పెద్దదే. కానీ చుట్టుపక్కల పల్లెల్లో జనవరి తర్వాత ముసలివాళ్లే కనబడతారు.

నేను పదో తరగతి ఏడాది పోలేదు. అమ్మ వాళ్లు పోయారు, నన్ను జేజి దగ్గర వదిలారు. నాకు గుర్తుంది, మూడు నెలలు నేనే సంగటి కెలికి జేజికి పెట్టి బడికి పోయాను. పరీక్షల ముందు రాత్రి నాయన ఫోన్ చేసి "ఎట్లా రాస్తావో గానీ, తిన్నావా?" అని మాత్రం అడిగాడు. ఇప్పుడు కర్నూలులో మెడికల్ షాపులో పనిచేస్తున్నాను. పెద్ద ఉద్యోగం కాదు. కానీ ఆ ఒక్క ఫోన్ కాల్ వల్లనే పరీక్షకు పోయానని నాకు అనిపిస్తుంది.

గండికోట

నేను జమ్మలమడుగు వైపు. నాకు 26.

మా వయసువాళ్లు ఎదురుచూడటంలోనే పెద్దవాళ్లయ్యారు. ఉక్కు ఫ్యాక్టరీకి మా దగ్గర 2007లో శంకుస్థాపన జరిగింది, 2018లో జరిగింది, 2019లో జరిగింది, 2023లో మళ్లీ జరిగింది. మొదటిదానికి నేను చిన్నపిల్లవాణ్ణి, నాయన భుజం మీద కూర్చుని చూశాను. ఫ్యాక్టరీ వస్తుంది, నీకు అందులోనే ఉద్యోగం అనేవాడు నాయన. చివరిదానికి నేనే ఉద్యోగం వెతుక్కుంటున్నాను.

కానిస్టేబుల్ నోటిఫికేషన్ 2022 నవంబర్‌లో పడింది, 6,100 పోస్టులు. ప్రిలిమ్స్ 2023 జనవరిలో రాశాను, పాసయ్యాను. దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యేసరికి 2024 డిసెంబర్ ఆఖరు. దాదాపు రెండేళ్లు. ఆ రెండేళ్లూ నేనూ ఇంకో ఆరుగురం తెల్లవారుజామున నాలుగింటికి లేచి బైపాస్ రోడ్డు మీద 1600 మీటర్లు పరిగెత్తేవాళ్లం. ఒక్కడి దగ్గరే మంచి బూట్లు ఉండేవి, వంతుల వారీగా వేసుకునేవాళ్లం. సైజు పెద్దదైతే గుడ్డ కుక్కుకునేవాళ్లం. పగలు ఏ పనికీ పూర్తిగా కుదురుకోలేం, ఎప్పుడు పిలుస్తారో తెలియదు. పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి ఏం చేస్తాడు అని అడుగుతారు, "పోలీసుకు ప్రిపేర్ అవుతున్నాడు" అని అమ్మ చెప్తుంది. రెండేళ్ల తర్వాత అదే మాట చెప్పడానికి అమ్మకే నోరు రాలేదు.

ఏడుగురిలో ఇద్దరికి వచ్చింది. నాకు రాలేదు. వాళ్లకు వచ్చిందని నాకు సంతోషమే, నిజంగా. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఎలక్ట్రికల్ షాపులో వైరింగ్ పనికి పోతున్నాను. నీ తమ్ముడు చేతిలో పని పెట్టుకుని చదవాలి. రెంటిలో ఒకటి అని కూర్చోనివ్వద్దు. నేను కూర్చున్నాను.

రాయచోటి రోడ్డు

కువైట్ నుంచి రాస్తున్నాను. తొమ్మిదేళ్లయింది వచ్చి. ఇంట్లో పని వీసా మీద వచ్చాను, ఇప్పుడు డ్రైవర్‌ని. ఇంటర్ తప్పిన వాళ్లకు మా వైపు అందరూ చూపించే దారి ఇదే. ఎవరైనా ఏజెంట్ మీ తమ్ముడి చెవిలో ఈ మాట వేస్తే ఒక్కటే చూడండి, ఆ ఏజెంట్‌కు రిజిస్ట్రేషన్ ఉందా లేదా అని. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే ఒప్పుకోవద్దు.

మా నాయన పోయినప్పుడు నేను ఇక్కడ ఉన్నాను. వీడియో కాల్‌లో చూశాను. అంతే.

గుంతకల్లు జంక్షన్

రాయచోటి తమ్ముడూ, నీ మాట చదివి ఏం రాయాలో తెలియలేదు. జాగ్రత్తగా ఉండు.

పెన్న ఒడ్డు

ఊరికి పోయొచ్చాను. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మీరంతా మీ కడుపులో మాటలు చెప్పారు, నేను దాచడం బాగుండదు.

శనివారం సాయంత్రం వాణ్ణి తీసుకుని బుగ్గ రామలింగేశ్వర గుడి వైపు నడిచాను. చిన్నప్పుడు మా ఇద్దరినీ నాయన అక్కడికే తీసుకుపోయేవాడు. లింగం దగ్గర ఎప్పుడూ నీళ్లు ఊరుతూ ఉంటాయి కదా, పెన్న ఎండిపోయినా అవి ఆగవు, వీడు చిన్నప్పుడు వాటిని చూసి దేవుడికి చెమట పట్టిందనేవాడు. ఏటి ఒడ్డున ఇసుకలో కూర్చున్నాం. మేడం చెప్పినట్టే అడిగాను. చదువు సంగతి వదిలెయ్, పనికి ఎందుకు పోయావు అని.

చాలాసేపు ఇసుకలో వేలితో గీతలు గీశాడు. తర్వాత చెప్పాడు.

నేను జనవరిలో కాలేజీ ఫీజు బాకీకి పద్దెనిమిది వేలు పంపించాను. వాడు కట్టలేదు. క్లాసులో స్నేహితుడు ఫోన్‌లో బెట్టింగ్ యాప్ చూపించాడంట. మొదటి రోజు ఐదు వందలు పెడితే పదకొండు వందలు వచ్చాయంట. అన్న పంపినదాన్ని రెట్టింపు చేసి నాయన నడుముకు స్కానింగ్ తీయిద్దామనుకున్నాడంట. పది రోజుల్లో మొత్తం పోయింది. పరీక్షలు రాసేటప్పుడు వాడి తలలో అదే ఉంది. రిజల్ట్స్ రోజు నేను ఫోన్ చేసి "పైసా పైసా కూడబెట్టి పంపిస్తుంటే" అన్నానే, ఆ మాటతో వాడు ఇంకేం మాట్లాడతాడు?

మర్నాడే పోయి ఫ్యాక్టరీలో పదిహేను వేలు అడ్వాన్స్ తీసుకుని, చేతిలో ఉన్న మూడు వేలు కలిపి కాలేజీలో కట్టేశాడు. రసీదు జేబులోంచి తీసి చూపించాడు. ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతున్నాడు, తడవకుండా. అడ్వాన్స్ తీరేదాకా మానడానికి లేదని అక్కడ చెప్పారంట. నైట్‌కు పైసలు కొంచెం ఎక్కువని అడిగి మరీ నైట్ వేయించుకున్నాడు. అందుకే "చూద్దాంలే అన్నా" అనేవాడు.

నాకు కోపం రాలేదు. వాడి తల మీద చెయ్యి వేశాను, జుట్టంతా గరగరలాడింది. బండ పొడి.

ఇప్పుడు ఆ అడ్వాన్స్ సంగతి ఏం చెయ్యాలి? నా దగ్గర ఆరు వేలు ఉంది. మిగతాది వచ్చే నెల జీతానికి గానీ కుదరదు. పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయి.

కిటికీ పక్క బెంచి

మీరు అడిగారు, వాడు చెప్పాడు. ఇక మిగతావి తీర్చుకోవచ్చు.

అడ్వాన్స్ ఇచ్చి అది తీరేదాకా మనిషిని కదలనివ్వకపోవడం చట్టానికి విరుద్ధం. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దీని గురించే. ఇది మీరు ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యాలని చెప్పడం లేదు. మాట్లాడటానికి పోయినప్పుడు మీ కాళ్ల కింద నేల ఉందని మీకు తెలియాలి, అందుకే.

బెట్టింగ్ గురించి కూడా. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసింది. అయినా గ్రూపుల్లో లింకులు తిరుగుతూనే ఉన్నాయి. మొదట గెలిపిస్తారు. మీ తమ్ముడికి వచ్చిన పదకొండు వందలు అదృష్టం కాదు, ఎర. వాడికి ఈ మాట తప్పకుండా చెప్పండి, ఎందుకంటే తను తెలివితక్కువవాణ్ణని వాడు అనుకుంటూ ఉంటాడు. ఫోన్‌లో ఆ యాప్ ఇంకా ఉందేమో ఇద్దరూ కలిసి చూడండి. ఎవరికైనా బాకీ ఉన్నాడేమో కూడా అడగండి. ఈ విషయంలో పిల్లలు సగమే చెప్తారు.

నాపరాయి

చట్టం సంగతి మేడం చెప్పింది నిజమే. నేను మా లోకం సంగతి చెప్తాను. ఫ్యాక్టరీ నడిపేవాళ్లలో చాలామంది ఒకప్పుడు మిషన్ దగ్గర నిలబడినవాళ్లే. వాళ్ల భయం ఒకటే, అడ్వాన్స్ తీసుకుని రాత్రికి రాత్రి మాయమైపోతారని. అందుకే అట్లా బిగిస్తారు. నువ్వు ఒక్కడివే పోవద్దు, మీ నాయన్ను తీసుకుపో. ఇన్నేళ్లు లోడింగ్ చేసిన మనిషికి అక్కడ గుర్తింపు ఉంటుంది. ఫోన్లో మాట్లాడొద్దు. శనివారం కూలి బట్వాడా రోజు కూడా పోవద్దు, ఆ రోజు వాళ్ల తల వేడిగా ఉంటుంది. సోమవారం పొద్దున పో. ఆరు వేలు చేతిలో పెట్టు, మిగతాది ఏ తేదీకో చెప్పు. కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకో. వాడు చేసిన రోజుల కూలి అందులో తగ్గించారో లేదో కూడా చూసుకో. అది మర్చిపోతారు.

అక్కడ పదిమంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేస్తుంటే ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా) ఉండాలని కూడా తెలుసుకో. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లందరికీ. మన వాటా 0.75 శాతమే. మీ నాయనకు అది ఉండి ఉంటే నడుము స్కానింగ్‌కు పిల్లవాడు బెట్టింగ్ ఆడే గతి పట్టేది కాదు. అడుగుల లెక్కన కూలి ఇచ్చే చోట మా పేర్లు రిజిస్టర్‌లోనే ఉండవు. ఇది నేను ఎన్నేళ్లుగానో చెప్తున్నాను.

గండికోట

ఆరు వేలు నువ్వు ఉంచుకో అన్నా. నేను రెండు వేలు పంపగలను. తర్వాత ఇద్దువు.

నిర్వాహకుడు

చర్చ చాలా బాగా సాగుతోంది, అందరికీ కృతజ్ఞతలు. ఒక్క విన్నపం. డబ్బు లావాదేవీలు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టవద్దు. రెండు నంబర్లు తొలగించాను.

పెన్న ఒడ్డు

గండికోట తమ్ముడూ, నీ మాట చాలు. డబ్బు వద్దు, ఇక్కడ రూమ్మేట్ సర్దుతానన్నాడు. నీ పేరు మా అమ్మకు చెప్పాను.

సుగ్గి బండి (కోసిగి)

సోమవారం ఏమైందో రాయన్నా. మేమంతా ఎదురుచూస్తున్నాం.

పెన్న ఒడ్డు

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. నెల దాటింది.

సోమవారం నాయన, నేను, తమ్ముడు ముగ్గురం పోయాం. నాయన నడవలేడు, బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని పోయాం. ఫ్యాక్టరీలో అడుగు పెట్టి రెండేళ్లయింది ఆయన. లోపలికి పోగానే ఓనర్‌తో మాట్లాడలేదు, నేరుగా కటింగ్ మిషన్ దగ్గరికి పోయి ఎవరో పిల్లవాడు బండ లేపుతుంటే "అట్లా కాదు నాయనా, నిలబెట్టు" అని చూపించాడు. ఆ తర్వాత మాటలు సులువయ్యాయి. తొమ్మిది వేలు ఇచ్చాం, చేసిన రోజుల కూలి తగ్గించాం, మిగిలింది చిన్న మొత్తం. కాగితం రాశారు. ఓనర్ ఏమీ గట్టిగా మాట్లాడలేదు. పిల్లవాడు పని బాగా పట్టుకున్నాడు, పరీక్షలయ్యాక వస్తే పగలు వేస్తానన్నాడు. తమ్ముడి మొహంలో ఆ మాటకు కొంచెం వెలుగు కనబడింది. అది చూసి నాకు సంతోషమూ వేసింది, భయమూ వేసింది.

మేడం, మీరన్నట్టు సగమే చెప్పాడు. ఇంకో స్నేహితుడికి రెండు వేలు బాకీ ఉంది. అది కూడా ఇచ్చేశాం. యాప్ తీసేశాడు. మళ్లీ వేసుకోడని నేను చెప్పలేను. రోజూ రాత్రి ఫోన్ చేస్తున్నాను. తిన్నావా అని అడుగుతున్నాను ముందు, కోసిగి తమ్ముడు రాసింది గుర్తొచ్చి.

రెండు పరీక్షలూ రాశాడు. ఫిజిక్స్ బాగా రాశాడంట. మ్యాథ్స్ గురించి అడిగితే "చూద్దాంలే అన్నా" అన్నాడు, ఈసారి నవ్వుతూ. పాసైనా కాకపోయినా ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కు అప్లై చేస్తానంటున్నాడు. నేను డిగ్రీ అన్నాను. మూడేళ్లు నువ్వు పంపిస్తూ ఉంటే నేను తింటూ కూర్చోలేనన్నాడు. ఎర్తింగ్ సరిగా లేని ఫ్యాక్టరీలు మన ఊళ్లో ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పాడు. నాకు అడ్డు చెప్పాలనిపించలేదు.

నాయన ఇప్పుడు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని వీధి పిల్లలకు ఏదో ఒకటి చెప్తున్నాడు. స్కానింగ్ ఇంకా తీయించలేదు. వచ్చే నెల.

గుంతకల్లు జంక్షన్

ఐటీఐ అయిపోయాక అప్రెంటిస్ నోటిఫికేషన్ పడితే ఇక్కడ రాస్తాను. రెండేళ్ల తర్వాతైనా సరే, గుర్తుపెట్టుకుంటాను.

కిటికీ పక్క బెంచి

మీ తమ్ముణ్ణి అడిగానని చెప్పండి. ఐటీఐ తర్వాత బ్రిడ్జి కోర్సు రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చని కూడా చెప్పండి.

నాపరాయి

చేతి గాటు మానిందా వాడిది?

పెన్న ఒడ్డు

మానింది అన్నా. మచ్చ మిగిలింది. నాకూ అదే చోట ఉంది, మా నాయనకూ ఉంది.